సిమెంటుకీ కాంక్రీటుకీ మధ్య ఒక మేస్త్రి

ఆయన్ని పనివాళ్లంతా చాటుగా 'కాదు మేస్త్రి' అనేవాళ్లు. ఎవరైనా సిమెంటు రోడ్డు అన్నారంటే చాలు, ఆయనకి ఒళ్లు మండేది.

"కాదు! అది కాంక్రీటు. సిమెంటంటే బస్తాలో పొడి. దాంట్లో ఇసుక, కంకర, నీళ్లు కలిస్తే కాంక్రీటు. పిండిని పట్టుకుని రొట్టె అంటావా?"

పెళ్లయిన కొత్తలో మామగారు వాకిట్లో ఉన్న సిమెంటు బల్ల మీద కూర్చోమంటే, అది కాంక్రీటు బల్ల అని ఒప్పించేదాకా నిలబడే ఉన్నాడు. ఇలా సరిదిద్దీ సరిదిద్దీ మూడు పనులు పోగొట్టుకున్నాడు. ఆర్నెల్లుగా మురుగు కాలవల మీద పలకలు వెయ్యడమే మిగిలింది.

అలాంటప్పుడు పాల డిపో కట్టించే ఆసామి కబురు పెట్టాడు. పన్నెండు స్తంభాల పని. రోజూ ఆయన పక్కనే ఉండి ఇసుకా సిమెంటూ కలిపే భార్య, దారిలోనే వేలు చూపించింది.

"ఆయనేమన్నా తలూపు. నోరు తెరిచావో, రేపట్నుంచి నీ మాలు నువ్వే కలుపుకో."

ఆసామి స్థలమంతా తిప్పాడు. "ఇక్కడ సిమెంటు స్తంభాలు. అక్కడ సిమెంటు మెట్లు. పైన సిమెంటు తొట్టి."

మాట మాటకీ మేస్త్రి గొంతులో చేపముల్లు దిగుతోంది. అయినా గంగిరెద్దులా తలూపాడు.

"ఇంకో మాట మేస్త్రీ. ముప్పయ్యేళ్లుగా పాలమ్ముతున్నా, చుక్క నీళ్లు కలిపి ఎరగను. కల్తీ నాకు గిట్టదు. స్తంభాల్లో ఉత్త సిమెంటే పొయ్యి. కంకర రాయి కనబడిందో, ఊరుకోను!"

స్తంభాలు విరిగి, తొట్టి ఎవరి నెత్తినో పడటం మేస్త్రి కళ్లకి కట్టింది. ఊగుతున్న తల సగంలో ఆగిపోయింది.

"కాదండీ!"

అరిచింది ఆయన కాదు, భార్య.

"కల్తీ ఏంటండీ బాబూ! ఉత్త సిమెంటు ఆరితే కుంచించుకుపోయి బీటలు వారుతుంది. కంకరే దానికి ఎముక. ఎముకల్లేకుండా ఒట్టి కండతో మనిషిని నిలబెట్టండి, చూద్దాం!"

ఆసామి బిత్తరపోయాడు. "మరి మీ ఆయన ఇందాకట్నుంచి తలూపుతున్నాడేం?"

"నేనే ఊపమన్నాను. నోరు తెరిస్తే పని పోతుందని."

ఆసామి గడ్డం గోక్కున్నాడు. "తెలిసీ తలూపేవాడికి స్తంభాలెలా అప్పగించనూ? పని నీకిస్తానమ్మా. ఆయన్ని పెట్టుకుంటావో మానతావో నీ ఇష్టం."

ఆవిడ మొగుణ్ని కిందనుంచి పైదాకా చూసింది.

"పెట్టుకుని రెండ్రోజులు చూస్తానండీ. కాస్త వాగుడు మనిషి."