తమ్ముడి మీద వచ్చిన ఫిర్యాదు

నిన్న మా సత్తెనపల్లి పత్తి జిన్నింగు మిల్లు ఆఫీసులో ఎవరో వేటపాలెం జీడిపప్పు పొట్లం విప్పారు. కాల్చిన గింజల ఘాటు ముక్కుకు తగలగానే నాకు గుండె దడ పట్టుకుంది. నా మొదటి ఉద్యోగం ఆ వాసన మధ్యే. వేటపాలెంలోని ఆ జీడిపప్పు యూనిట్‌కి మేనేజరు రూతమ్మ గారు. నేను ఆవిడ కింద పనిచేసేదాన్ని.

పప్పు ఆరబెట్టే వేడి గదికి లోపలి గడియ ఊడపీకించింది ఆవిడే. గోడౌన్‌కి ఆడవాళ్ళను ఒంటరిగా పంపనిచ్చేవారు కాదు. శనివారం పని దిగేముందు పొట్టు వలిచే ఆడవాళ్ళందరినీ నిలబెట్టి, ఎవరు తప్పుగా ప్రవర్తించినా, ఓనరు గారైనా సరే, వచ్చి తనకు చెప్పమనేవారు. వాళ్ళు తలొంచుకుని నవ్వుకునేవారు. చాలాకాలం ఎవరూ ఏమీ చెప్పలేదు. మన దగ్గర ఏ గొడవా లేనట్టేనని ఓసారి నేనన్నాను.

"చెప్పట్లేదంటే ఏమీ జరగట్లేదని కాదమ్మాయ్. మనల్ని ఇంకా నమ్మట్లేదని" అన్నారు.

ఒక మధ్యాహ్నం నాగమణి అనే అమ్మాయి నేను ఒక్కదాన్నే ఉన్నప్పుడు చూసి వచ్చింది. లోడింగ్ చూసే శామ్యూల్ బస్తాల చాటున చెయ్యి పట్టుకున్నాడట. సాయంత్రాలు బస్టాపు దాకా వెంట పడుతున్నాడట. చెప్పి, వెంటనే నా చేతులు పట్టుకుంది. "రూతమ్మ గారికి చెప్పొద్దక్కా. ఆయన ఆవిడ తమ్ముడు కదా."

శామ్యూల్‌ని తండ్రి పోయాక పెంచి పెద్దచేసింది రూతమ్మ గారే. చెబితే నా ఉద్యోగం, దాని ఉద్యోగం రెండూ పోతాయేమో. చెప్పకపోతే వాడు ఆగడు. ఆ మాటే నాగమణితో అన్నాను. సరే, చెప్పమని తలూపింది.

రూతమ్మ గారు టీ తాగుతున్నారు. నేను చెప్పడం పూర్తయ్యేసరికి గ్లాసు కింద పెట్టేశారు. నిజమేనా అని అడుగుతారనుకున్నాను.

"ఆ పిల్ల ఇప్పుడెక్కడుంది? పక్కన ఎవరన్నా ఉన్నారా?"

లేరన్నాను. వెళ్ళి దాని దగ్గర కూర్చోమన్నారు. ఆ గంటలోనే తమ్ముణ్ణి ఇంటికి పంపేశారు. ఓనరు గారితో, ఇందులో నేను విచారణ చెయ్యకూడదు, చీరాల నుంచి లాయరమ్మను పిలిపించండి అని చెప్పారు. గేటు దగ్గర శామ్యూల్ అరుస్తుంటే అందరం విన్నాం.

"నన్నొక్క మాట అడగవా అక్కా?"

"అడిగేవాళ్ళు వేరే వస్తార్రా. నేనడిగితే నీ మాటే నమ్ముతా."

తర్వాతి రోజులు భయంభయంగా గడిచాయి. షెడ్డులో మాటలు ఆగిపోయాయి. నాగమణి అబద్ధాలకోరని కొందరు, దీని వెనక నేనున్నానని కొందరు గుసగుసలాడారు. బస్టాపు దగ్గర శామ్యూల్ స్నేహితులు బండ్లు ఆపుకుని నిలబడేవారు. రూతమ్మ గారు నాగమణి పక్కన నడిచి వెళ్ళి, బస్సు కదిలేదాకా అక్కడే ఉండేవారు. ఏ సాయంత్రం ఏం జరుగుతుందోనని నేను గేటు దగ్గరే నిలబడి చూసేదాన్ని.

లాయరమ్మ వచ్చి ఒక్కొక్కరితో విడిగా మాట్లాడింది. ఇంకో ఇద్దరు తమకూ అలాగే జరిగిందని బయటపెట్టారు. శామ్యూల్ ఉద్యోగం పోయింది. రూతమ్మ గారి తల్లి ఆవిడతో మాట్లాడటం మానేసింది. చర్చిలో వాళ్ళ కుటుంబం ఆవిణ్ణి వదిలి వేరే వరసలోకి మారింది. ఎంత జరిగినా నాగమణి మాత్రం రోజూ పనికి వస్తోందని, మనం గెలిచామని నేను రూతమ్మ గారితో అన్నాను.

"గెలవడమేంటమ్మాయ్? ఆ ఇద్దరూ ఇన్నాళ్ళూ నా మొహం చూసే నోరు మూసుకున్నారు" అన్నారు.

ఇప్పుడు ఈ మిల్లులో ఆడవాళ్ళ ఫిర్యాదులు వినేది నేనే. అనుభవం వస్తే బెదురు పోతుందనుకున్నాను, పోలేదు. ఎవరైనా గుమ్మంలో తటపటాయిస్తూ నిలబడితే, నాకు బాగా కావలసినవాళ్ళ ముఖాలన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరుగుతాయి. లోపలికి పిలిచి కుర్చీ చూపిస్తాను. ఎవరి పేరు చెబుతుందోనని లోపల వణుకుతూనే, చెప్పమ్మా అంటాను.