సూదుల పువ్వు

నిన్న సైదాబాద్‌లో ఒక పెంపుడు చేపల దుకాణం ముందు ఉప్పునీటి వాసనకు ఆగిపోయాను. అద్దాల తొట్టిలో సీ అనిమోన్ అనే సముద్రజీవి పువ్వులా వేళ్లు ఆడిస్తోంది. వాటి మధ్య నారింజరంగు చేప.

అమ్మ పోయాక నాన్న చిన్నమ్మను చేసుకొచ్చిన ఏడు, బడి విడిచినా ఇంటికి వెళ్లబుద్ధి కాక, పురానాపూల్‌లో ఇలాంటి తొట్టి ముందే నిలబడేవాణ్ని.

"చెయ్యి పెట్టకు బేటా, ఒళ్లంత విషం సూదులే. దానికి ఉరికిపోనీకి రాదు, గందుకే," అన్నాడు ఓనాడు ఆ దుకాణం భాయ్.

"మరి చేపను కుట్టదా?"

"చేప మెల్లమెల్లగ ఒళ్లు రాసుకుంట అలవాటు చేసుకుంటది. గప్పుడు కుట్టదు."

ఆ రోజు నుంచి వంటింట్లో చిన్నమ్మ కొంగుకు మోచెయ్యి రాసి పరుగెత్తేవాణ్ని. "ఏందిరా ఈ లొల్లి?" అని కసిరేది. ఒకరోజు కసరలేదు, అటు తిరిగి కళ్లు తుడుచుకుంది. విషం పోయిందని సంబరపడ్డాను.

భాయ్ మొదట చెప్పిన మాట నిన్ననే అర్థమైంది. పారిపోవడానికి ఆమెకూ చోటు లేదు.