చీటీ పడిపోయింది

మా ఆఫీసులో నా కుర్చీ విరిగినప్పుడు నేను చేసిన గొడవ గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. బస్టాండులో టికెట్ల కౌంటరు నాది. పొద్దున కూర్చుంటే మళ్ళీ లేచేది మధ్యాహ్నం భోజనానికే. చక్రం ఊడిన కుర్చీలో నాలుగు రోజులు ఓపిక పట్టేసరికి నడుం పట్టేసింది. అర్జీ రాసి పై అధికారి బల్ల మీద పడేసి, కొత్త కుర్చీ వచ్చేదాకా కౌంటరు తెరవనని ఆయన మీద ఒంటికాలి మీద లేచాను. వారం తిరక్కుండా కుర్చీ వచ్చింది. ఏ రకం కావాలని అడిగితే మా వదినను కనుక్కునే చెప్పాను. ఆవిడ పనిచేసేది కుర్చీలూ సోఫాలూ అమ్మే పెద్ద షోరూములో.

మూడో రోజుకి ఆ కొత్త కుర్చీ కూడా నా ప్రాణం తీసింది. వీపు ఆనించే చోట లోపల ఏదో కమ్మీ పొడుచుకొస్తోంది. సాయంత్రం తిన్నగా అన్నయ్య ఇంటికెళ్ళి వదినను దులిపేశాను.

"నడుముకి హాయిగా ఉంటుందన్నావు. ఇదేనా నీ హాయి?"

వదిన కూరగాయలు తరుగుతోంది. అదీ నిలబడే.

"నాకేం తెలుసు తల్లీ? నేనెప్పుడైనా కూర్చుంటేగా?" అని నవ్వేసింది.

హాస్యమాడుతోందనుకున్నాను. కాదు. పదకొండేళ్ళుగా ఆ షోరూములో రెండో అంతస్తంతా చూసుకుంటున్న మనిషి, అక్కడున్న ఒక్క కుర్చీలోనూ ఒక్కసారి కూడా కూర్చోలేదు. కూర్చోకూడదు. సరుకు మీద సిబ్బంది కూర్చోకూడదన్నది రూలు. పోనీ వాళ్ళకంటూ వేరే ఓ స్టూలైనా వేస్తారా అంటే అదీ లేదు. అమ్మేవాళ్ళు కూర్చుని కనిపిస్తే కొనేవాళ్ళకి మర్యాదగా ఉండదట. పొద్దున తొమ్మిదిన్నరకి తలుపులు తీస్తే రాత్రి ఎనిమిదికి మూసేదాకా నిలువుకాళ్ళ మీద ఉండాల్సిందే. మధ్యాహ్నం వెనక మెట్ల మీద అన్నం తినే అరగంటే వాళ్ళకి ఆసరా.

ఇన్నేళ్ళుగా ఇది నాకు తెలియదు. ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు. మా అన్నయ్య మాత్రం వచ్చిన ప్రతివాడి దగ్గరా "మంత్రిగారికైనా ఒకటే కుర్చీ. మా ఆవిడకి రెండొందలు" అని గొప్పలు పోయేవాడు. మేమంతా పడీపడీ నవ్వేవాళ్ళం. వదిన కూడా నవ్వేది, ఏ తలుపుకో ఆనుకుని నిలబడి.

మన ఇళ్ళల్లో ఎవరైనా గుమ్మంలోకి రాగానే మన నోట్లోంచి వచ్చే మొదటి మాట "కూర్చోండి". ఎవరింటికైనా వెళ్ళినప్పుడు వాళ్ళు మనల్ని నిలబెట్టి మాట్లాడారా, ఇక చచ్చేదాకా మర్చిపోం. మా మేనత్త ఒకావిడ, వియ్యపురాలు తనను గుమ్మంలో నిలబెట్టి పంపేసిందని పద్దెనిమిదేళ్ళు ఆ గడప తొక్కలేదు. అంత పౌరుషం ఉన్న జాతి మనది. అలాంటి మనం షాపుకెళ్ళి, దర్జాగా కాలు మీద కాలేసుకుని, ఎదురుగా చేతులు కట్టుకు నిలబడ్డ ఆడమనిషి చేత పాతిక రకాలు లాగించి చూపించుకుంటాం. ఆవిడ కాళ్ళెలా ఉన్నాయో మనకు పట్టదు. నేనూ ఆ బాపతే. ఎన్ని షాపులు తిరిగానో, ఒక్కచోటైనా "నువ్వూ కూర్చోమ్మా" అన్న గుర్తు లేదు. ఆ రాత్రి ఇంటికొచ్చాక తలుచుకుంటే నా మీద నాకే మండిపోయింది.

వదిన రోజుకి కొన్ని వందలసార్లు అనే మాట ఒకటుంది. "కూర్చుని చూడండి." అరచేత్తో కుర్చీ మెత్త ఒకసారి నొక్కి, పక్కకి తప్పుకుని, ఆ మాట అంటుంది. అది ఆవిడ ఒంట్లోకి ఎంత ఇంకిపోయిందంటే, ఒకసారి ఆస్పత్రిలో డాక్టరమ్మ "కూర్చోండమ్మా" అంటే, ఈవిడ ఎదురుగా ఉన్న స్టూలు నొక్కి "మీరు కూర్చుని చూడండి మేడమ్" అందట. డాక్టరమ్మ బిత్తరపోయింది. ఆ సంగతి చెప్పి వదిన కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వింది కానీ, నాకు మాత్రం నవ్వు రాలేదు.

అక్కడి ఆడవాళ్ళు ఊరికే పడి ఉండేవాళ్ళేం కాదు. వాళ్ళ ఉపాయం వాళ్ళకుంది. ప్రతి కుర్చీకీ దారంతో ఓ ధర చీటీ వేలాడుతూ ఉంటుంది. కాళ్ళు మరీ పీక్కుపోతున్నప్పుడు ఆ చీటీని మెల్లిగా లాగి కింద పడేసి, "చీటీ పడిపోయింది" అని పక్కావిడకి చెప్పి, సోఫా చాటున గొంతుక్కూర్చుని వెతకాలి. కంటి ముందున్న చీటీని రెండు నిమిషాలు వెతకడం ఓ విద్య. కెమెరాలో చూసేవాడికి పని చేస్తున్నట్టే ఉంటుంది. కింద మేనేజరు గదిలో టీవీ ఉంది, ప్రతి అంతస్తులోనూ స్తంభానికో ఫోను ఉంది. ఎవరైనా ఊరికే చతికిలబడితే చాలు, ఆ ఫోను మోగుతుంది. చీటీ వెతుకుతుంటే మోగదు. చివరికి ఆ మాట ఇంటిదాకా వచ్చింది. వదిన ఎప్పుడైనా నడుం వాల్చాలంటే "ఓ ఐదు నిమిషాలు చీటీ వెతుక్కుంటా" అనేది.

కాళ్ళు మాత్రం చీటీలతో ఊరుకోలేదు. పిక్కల్లో నరాలు ఉబ్బి మెలికలు తిరిగాయి. తర్వాత ఎడమ చీలమండ పైన చిన్న పుండు లేచింది. మందు రాసినా మానలేదు. రెండు నెలలకి రూపాయి బిళ్ళంత అయింది. డాక్టరమ్మ చూసి మొహం మాడ్చింది.

"గంటకి పది నిమిషాలు కూర్చోవాలమ్మా. కాలు కాస్త ఎత్తులో పెట్టుకోవాలి. అది చెయ్యకుండా నేనెన్ని మందులిచ్చినా ఈ పుండు మానదు. ముదిరితే కాలికే ముప్పు."

ఆ ముక్కే కాగితం మీద రాసి, ముద్ర వేసి ఇచ్చింది. గంటకి పది నిమిషాలు. ఏమంత గొంతెమ్మ కోరిక చెప్పండి?

వదిన ఆ చీటీ తీసుకెళ్ళి మేనేజరు చేతికిచ్చింది. ఆయన రివాల్వింగ్ చెయిర్లో అటు తిరిగి, ఇటు తిరిగి, కాగితం చూసినట్టే చూసి, "పైవాళ్ళతో మాట్లాడతానమ్మా" అని సొరుగులో పడేశాడు. వారం తర్వాత అడిగితే "ఏ చీటీ?" అన్నాడు. గుర్తుచేస్తే సొరుగు లాగి, పైపైన కెలికి, "కనబడట్లేదే, వెతకాలి" అన్నాడు. వెతుకుతూనే ఉన్నాడు. రెండో అంతస్తు ఆడవాళ్ళు "అయ్యగారు కూడా చీటీ వెతుకుతున్నారే" అని ముసిముసిగా నవ్వుకున్నారు.

ఆ నవ్వు ఎవరి చెవిన పడిందో, ఎవరు మోశారో తెలియదు. సోమవారం పొద్దునకల్లా ధర చీటీలన్నిటికీ దారాలు పీకేసి ఇనప తీగలు బిగించారు. ఇక ఏ చీటీ పడదు. నూట ముప్ఫై కుర్చీలకి తీగలు బిగించడానికి మనిషిని పెట్టగలిగారు కానీ, మూలన ఓ స్టూలు వెయ్యలేకపోయారు. ఇది విన్న రోజు అన్నయ్య ఇంట్లో తింటున్న కంచం పక్కకి తోసేశాను.

"రేపు నేనొస్తా. ఆ మేనేజర్ని అందరి ముందూ నిలదీస్తా" అన్నాను.

వదిన కాలికి కట్టు మార్చుకుంటోంది. తలెత్తలేదు.

"నిలదీస్తావు, బాగానే ఉంది. నువ్వు నాలుగు మాటలు అరిచి ఇంటికొచ్చేస్తావు. ఆ తర్వాత అక్కడ నిలబడాల్సింది ఎవరు?"

అన్నయ్య పనిచేసే వర్క్‌షాపు వారానికి నాలుగు రోజులే నడుస్తోంది. వదిన ఉద్యోగం పోతే ఇల్లు నడవదు. ఉద్యోగం చేస్తే కాలు ఉండదు. రెంటికీ మధ్య పది నిమిషాలు అడ్డం. ఆ మాటే తలుచుకుంటూ ఇంటికొచ్చేశాను.

మరుసటి నెల ఓ మధ్యాహ్నం ఆ షోరూముకి చేతికర్ర పట్టుకుని ఓ పెద్దావిడ వచ్చింది. అప్పుడు జరిగినదంతా ఆ సాయంత్రమే వదిన నాకు చెప్పింది. పెద్దావిడకి చేతులున్న కుర్చీ కావాలి. వదిన ఒకటి చూపించి, మెత్త నొక్కి, "కూర్చుని చూడండి అమ్మగారూ" అంది.

"నేను కూర్చుంటే లేపడానికి ఇద్దరు మనుషులు కావాలి. నువ్వు కూర్చో. నీ మొహం చూస్తే నాకు తెలిసిపోతుంది" అందావిడ.

వదిన నీళ్ళు నమిలింది. "మేం కూర్చోకూడదండీ."

"అదేం చోద్యం? కొనేది నేనా, వాళ్ళా? కూర్చోవమ్మా, నాకోసం."

పదకొండేళ్ళలో ఆ మాట అన్న మొదటి మనిషి ఆవిడే. వదిన కూర్చుంది. "మొదట కాసేపు కుర్చీ సంగతి నాకేం తెలియలేదు. నా కాళ్ళ సంగతే తెలిసింది. ఏడుపొచ్చేసింది" అంది నాతో.

"ఎలా ఉంది?" అని అడిగింది పెద్దావిడ.

హాయిగా ఉంటుందండీ అని రోజూ అలవాటుగా చెప్పే మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ కూర్చున్నాక అబద్ధం ఆడటం వదిన వల్ల కాలేదు.

"బాగాలేదండీ. ముందుకి తోసేస్తోంది. మీకు నడుం నొప్పి వస్తుంది."

"అయితే ఆ పక్కదాంట్లో కూర్చో."

అలా నాలుగు కుర్చీలు మారింది మా వదిన. స్తంభం మీద ఫోను మోగుతూనే ఉంది. పక్క కౌంటరువాళ్ళు చూస్తూ నిలబడ్డారే తప్ప ఎవరూ ఎత్తలేదు. నాలుగోది బాగుంది. పెద్దావిడ అదే తీసుకుంది. అప్పటికి మేనేజరు రొప్పుకుంటూ మెట్లెక్కి వచ్చాడు. కొనే మనిషి ఉంది కాబట్టి మొహాన ఓ నవ్వు పులుముకున్నాడు. "నిజం చెప్పే పిల్లని పెట్టుకున్నావయ్యా" అని మెచ్చుకుని ఆవిడ బిల్లు కట్టడానికి కిందికి వెళ్ళింది.

నవ్వు తీసేసి మేనేజరు అన్నాడు. "ఇక లేవండి."

వదిన లేవలేదు.

"డాక్టరు చీటీ దొరికిందా సార్?"

"ఏంటి?"

"గంటకి పది నిమిషాలని రాశారు అందులో. మీరు చదవలేదేమో. పది నిమిషాలు కాగానే లేస్తాను."

గోడ గడియారం చూస్తూ సరిగ్గా పది నిమిషాలు కూర్చుందట. తర్వాత తనే లేచి, కుర్చీ గుడ్డతో తుడిచి, మళ్ళీ తన చోట నిలబడింది. నాకైతే చేతులెత్తి దండం పెట్టాలనిపించింది.

మర్నాడు ఇక పనికి రావద్దన్నారు. ఓ కాగితం కూడా ఇచ్చారు. అందులో రాసిన కారణం, కస్టమరు ముందు సరుకును తక్కువ చేసి మాట్లాడినందుకు. కూర్చున్నందుకు అని రాయడానికి చెయ్యి రాలేదు కాబోలు. సిగ్గనేది ఆ మాత్రమైనా మిగిలినందుకు సంతోషించాలా, ఏడవాలా? పదకొండేళ్ళు అబద్ధం చెప్పినన్నాళ్ళూ మంచి ఉద్యోగి. ఒక్కరోజు నిజం చెబితే గెంటేశారు.

ఇప్పుడు వదిన ఇంట్లో దిండ్ల గలీబులు కుట్టి ఇస్తోంది. కాలు పీట మీద పెట్టుకుని కుడుతుంది. పుండు మానుముఖం పట్టింది. ఇల్లు మాత్రం కుంటుతోంది. అన్నయ్య కుర్చీల జోకు మానేశాడు.

పోయిన వారం నేను ఆ షోరూముకి వెళ్ళాను. వదినకి చెప్పలేదు. ఇప్పుడు ఆవిడ అక్కడ నిలబడక్కర్లేదు కదా, ఇక నా నోటికి అడ్డేముంది అనుకున్నాను. ఏమేం అడగాలో దారంతా లోపల్లోపలే వల్లించుకుంటూ రెండో అంతస్తు ఎక్కాను. వదిన చోట కొత్తావిడ ఉంది. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. నన్ను చూడగానే కుర్చీ మెత్త అరచేత్తో నొక్కి, పక్కకి తప్పుకుంది.

"కూర్చుని చూడండి మేడమ్."

కూర్చున్నాను. "ఎలా ఉంటుందమ్మా ఇది?"

"చాలా హాయిగా ఉంటుందండీ."

అంటూనే ఎడమ కాలి మీద బరువు కుడి కాలి మీదికి మార్చుకుంది. ఒకసారి కెమెరా వైపు చూసింది, ఒకసారి నా వైపు చూసింది. నా మొహంలో ఏం కనిపించిందో తెలియదు.

"ఒక్క నిమిషం మేడమ్, చీటీ పడిపోయింది" అని గొంతుక్కూర్చుంది.

చీటీ ఇనప తీగకి వేలాడుతూ నా మోచేతికి తగులుతోంది.

స్తంభం మీద ఫోను మోగింది. ఆవిడ ఉలిక్కిపడి లేవబోయింది. నేను భుజం మీద చెయ్యేసి ఆపి, వెళ్ళి ఫోను ఎత్తాను. "రెండో అంతస్తులో ఎవరది, కింద కూర్చున్నది?" అంది అవతలి గొంతు. దారంతా వల్లించుకున్న మాటలన్నీ నోటిదాకా వచ్చాయి. అరిచి ఇంటికెళ్ళిపోతే, ఆ తర్వాత ఇక్కడ నిలబడాల్సింది ఈవిడే.

"నేను కస్టమర్నండీ" అన్నాను. "నా ఉంగరం జారి పడిపోయింది. పాపం, ఆవిడ వెతుకుతోంది. కనీసం పది నిమిషాలు పడుతుంది."

ఫోను పెట్టేసి, ఉంగరం లేని చేత్తో నేనూ ఆవిడ పక్కన నేల మీద కూర్చుని వెతకడం మొదలుపెట్టాను.