వెన్నెల తెగులు

జపాన్ ఉత్తరాన తొకాచి మైదానంలో ఆ జులై ఉదయం పొగమంచు విడిపోయేసరికి, సుఎనో వాళ్ల సోయా చేను నడుమ పసుపు వెలుగు గుండ్రంగా పరుచుకుని ఉంది. పట్టపగలే వెన్నెల కాసినట్టు. ముసలివాళ్లు ఆ జబ్బును వెన్నెల తెగులనే అంటారు. నిరుడు చాపంత ఉన్న మచ్చ ఈసారి ఇల్లంత అయింది. ఆమె అందులోకి వెళ్లి ఊరికే నిలబడింది. అంత అందమైన చోట పైరు చచ్చిపోతోందంటే నమ్మబుద్ధి కాలేదు. ఒక మొక్కను మెల్లగా తవ్వి తీస్తే, వేళ్ల నిండా గసగసాలకన్నా చిన్న తెల్లటి పూసలు.

భర్త పోయాక సేద్యం ఆమెదే. విత్తనం మాత్రం మామగారు గెన్‌సాకుది. భార్య పుట్టింటి నుంచి తెచ్చిన లావు గింజల్ని ఆయన ఏటా ఏరి దాచేవాడు.

"ఎరువు చాల్లేదమ్మాయ్. ఇంకో బండి తోలించు."

"ఎరువు కాదు మామయ్యా, వేళ్లకున్న ఆ పూసలన్నీ నులిపురుగులు. వేళ్లను పీల్చేస్తున్నాయి. పరిశోధన కేంద్రం వాళ్లు వాటిని తట్టుకునే విత్తనం ఇచ్చారు."

ఆమె అరచేతిలోని చిన్న గింజలు చూసి గెన్‌సాకు నవ్వాడు. "ఇవి సోయాలా, ఎలుక పెంటికలా? వీటిని పులియబెట్టి మిసో ముద్ద పెడితే మీ అత్త పైనుంచి దిగొచ్చి తిడుతుంది."

"రానివ్వండి. చూసి చాలా రోజులైంది."



మరుసటి వసంతంలో సుఎనో ఆ మచ్చ మేర కొత్త గింజలు, చుట్టూ పాతవి వేసింది. వేసవి వచ్చేసరికి వెలుగు తిరగబడింది. చుట్టూ పసుపు వలయం, నడుమ మడుగులా నిండు పచ్చదనం. ఓ మధ్యాహ్నం గెన్‌సాకు ఇంట్లో కనిపించలేదు. వెతుక్కుంటూ వెళితే ఆ పచ్చదనంలో మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు.

"అయితే మీ అత్త విత్తనం ఇక పోయినట్టేనా?"

ఆ గొంతులో దిగులు విని సుఎనో పక్కనే కూర్చుంది. "ఎందుకు పోతుంది మామయ్యా? కొండవాలు చెలకకి పురుగు పట్టలేదు. అక్కడ వేసుకోండి. ఈ మట్టి మాత్రం అక్కడికి మోసుకెళ్లకండి."

పెద్ద చేలో ఆపైన ఒక ఏడు గోధుమ, ఒక ఏడు బంగాళదుంప, ఆ తర్వాతే చిన్న గింజలు. ఏటా అదే వంగడం వేస్తే పురుగు దానికీ అలవాటు పడుతుందని కేంద్రం వాళ్లు చెప్పారు. మచ్చ మళ్లీ చాపంతకు తగ్గింది, పూర్తిగా పోలేదు.

గెన్‌సాకు వాగులో పార కడిగి, బూట్లు గట్టునే వదిలి, ఉత్త కాళ్లతో వాలెక్కేవాడు. కిందినుంచి సుఎనోకి ఆయన మాటలు వినపడేవి కావు. ఒక్కో మొలక దగ్గరా వంగి, ఎవరితోనో తీరిగ్గా కబుర్లు చెబుతున్నట్టే ఉండేది.