జెట్టీ చెక్కలు

నా చిన్నప్పుడు అనకాపల్లిలో మా బెల్లం కొట్టుకి నేల సముద్రం మీంచి వచ్చింది. వినడానికి వింతగా ఉన్నా నిజమే. మా ముత్తాత కాలంలో మా బెల్లం ఎడ్లబళ్ళ మీద విశాఖ ఒడ్డుకి వెళ్ళి, అక్కడి కర్ర జెట్టీ మీంచి ఓడలెక్కేదట. పెద్ద హార్బరు వచ్చాక ఆ జెట్టీకి ఓడలు రావడం మానేశాయి. చెక్కలు ఊడదీసి అమ్ముతున్నారని తెలిసి మా తాతయ్య ఒక లారీకి ఎత్తించుకొచ్చాడు. తన తండ్రి నడిచిన చెక్కలు ఎవరి పొయ్యిలోకో పోతాయంటే ఆయనకి మనసొప్పలేదు. నేల చెమ్మ బెల్లం దిమ్మలకి తగలకుండా వాటిని కొట్టులో పరిపించి, వచ్చినవాళ్ళందరికీ చూపించి మురిసిపోయేవాడు.

ఆ వానాకాలం బెల్లం దిమ్మలు నీరు కారడం మొదలెట్టాయి. అడుగు వరసలు మెత్తబడి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. కొట్టు చూసుకునే కలాసీ మునగపాక నుంచి వచ్చేవాడు. నేను మావయ్యా అని పిలిచేదాన్ని, వెళ్ళినప్పుడల్లా నాకో బెల్లం ముక్క విరిచి పెట్టేవాడు. తలుపు బార్లా తీసి నిద్రపోయావు, జల్లు లోపలికి కొట్టించావు అంటూ తాతయ్య మార్కెట్లో అందరూ వింటుండగా అతని మీద విరుచుకుపడ్డాడు. అతను మొత్తుకున్నా వినలేదు, పనిలోంచి తీసేశాడు. మా తాతయ్యలాంటి షావుకారు పొమ్మన్న మనిషిని ఇంకెవరు పెట్టుకుంటారు? ఆ మార్కెట్లో అతనికి మళ్ళీ మూట ఎత్తే పని దొరకలేదు.

వానలు తగ్గాక కొట్టు ఖాళీ చేయిస్తుంటే నేనూ వెళ్ళాను. బయట ఎండ కాస్తోంది. అయినా చెక్కలు తడితడిగా ఉన్నాయి. చెక్కలు చాలక గోడవార ఇటుకల మీద పేర్చిన దిమ్మలు మాత్రం గట్టిగా, పొడిగా ఉన్నాయి. తాతయ్య చెక్క మీద వేలు రాసి నాలిక్కి తగిలించుకున్నాడు. నన్నూ చూడమన్నాడు. ఉప్పు. అన్నేళ్ళు సముద్రంలో నానిన చెక్కలు, గాలిలో చెమ్మంతా లాక్కుని బెల్లానికి పట్టించాయి. తాతయ్య అక్కడే కూలబడి కండువాలో మొహం దాచుకున్నాడు. ఆ సంగతి తెలిసింది మా ఇద్దరికే. గుట్టుగా చెక్కలు పీకించేస్తే అడిగే దిక్కు లేదు.

మర్నాడు నన్ను వెంటబెట్టుకుని మునగపాకలో మావయ్య ఇంటికి వెళ్ళాడు. ఎప్పుడూ ఒరే అని తప్ప పిలవని మనిషి, "తప్పు నాది నాయనా. ఆ చెక్కలే బెల్లాన్ని పాడుచేశాయి. రేపట్నుంచి పన్లోకి వచ్చెయ్యి" అన్నాడు.

మావయ్య, "నన్ను మార్కెట్లో అన్నారు బాబూ. ఇక్కడ సెప్తే నాకేటి? సెప్తే అక్కడ సెప్పండి" అన్నాడు. వాళ్ళావిడ మాకు మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. తాతయ్య సరేనని లేచాడు.

ఆ మరుసటి పొద్దున్న, మార్కెట్లో బెల్లం వేలంపాట జోరుగా సాగుతుండగా తాతయ్య నా కుడిచెయ్యి పట్టుకుని మధ్యలోకి వెళ్ళి నిలబడ్డాడు. మా కలాసీ తప్పేమీ లేదనీ, ఉప్పు చెక్కలు తెచ్చిందీ నింద వేసిందీ తనేననీ చెప్పాడు. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన గొంతు గట్టిగానే ఉంది. నా చెయ్యి పట్టుకున్న చెయ్యి మాత్రం వణుకుతోంది. ఓ పక్కన నిలబడ్డ మావయ్య అంతా విని, తువ్వాలు భుజాన వేసుకుని ఎదుటి కొట్టువాళ్ళ దగ్గర పనికి కుదిరిపోయాడు. మా కొట్టుకి మరి రాలేదు. కనిపిస్తే నవ్వేవాడు గానీ, బెల్లం ముక్క మళ్ళీ పెట్టలేదు. ఆ చెక్కల్ని తాతయ్య మునగపాక పొలాల్లో కాలవ మీద దాటడానికి వేయించాడు.

ఇప్పుడు ఆ ఒడ్డున మిగిలిన జెట్టీ ముక్కని బాగుచేసి, దీపాలు పెట్టి, జనం షికారు చెయ్యడానికి బెంచీలు వేశారు. మొన్న మనవలు తీసుకెళ్ళారు. వాళ్ళు సెల్ఫీలు దిగుతుంటే నేను పాత గుంజ మీద వేలు రాసి నాలిక్కి తగిలించుకున్నాను. "ఛీ, ఏంటమ్మమ్మా అది!" అని గోల చేశారు. కొత్త రంగు చేదు తప్ప ఏమీ తగల్లేదు.

ఎవరినైనా నలుగురిలో ఓ మాట అనబోయినప్పుడు ఇప్పటికీ నా కుడిచేతిలో ఆ వణుకు తెలుస్తుంది. అది తాతయ్యదో నాదో తేల్చుకోలేక, నోట్లోకి వచ్చిన మాట మింగేస్తాను.