పొద్దున బాగుండే జబ్బు

రెండేళ్ల కిందటి మాట. మాది పులికాట్ సరస్సు పక్కన చేపలు పట్టుకుని బతికే పల్లె. నేను ఇంట్లో మిషన్ కుడతాను. ఉన్నట్టుండి సాయంత్రమయ్యేసరికి నా కుడి కనురెప్ప వాలిపోవడం, మాట నంగిగా రావడం మొదలైంది. తెల్లారితే మామూలే. భయపడి మా అక్కకు మాత్రమే చెప్పుకున్నాను.

అక్క కూతురికి చెవులు కుట్టించిన రోజు, సాయంత్రం అన్నం గిన్నె ఎత్తబోతే నా చేతులు లేవలేదు.

"నా వల్ల కావట్లేదక్కా" అన్నాను.

అక్క బంధువులందరి ముందూ ఒక కన్ను సగం మూసి, నాలాగే నంగినంగిగా మాట్లాడి చూపించింది.

"పొద్దున బాగుంటాది. పని చెప్తే చాలు, కన్ను వాలిపోతాది. అదే నాతో చెప్పినాది!"

అందరూ నవ్వారు. ఏడుపు దిగమింగుకుని నీళ్లు తాగబోతే అవి ముక్కులోంచి వచ్చాయి. ఊపిరాడక అక్కడే పడిపోయాను.

నెల్లూరు ఆసుపత్రిలో డాక్టరుగారు అది మయస్థీనియా అనే అరుదైన జబ్బని చెప్పారు. "పొద్దున బాగుండి, పనిచేసేకొద్దీ కండరాలు అలిసిపోవడమే దీని గుర్తమ్మా" అన్నారు.

అక్క మంచం పక్కన కూర్చుని ఏడ్చింది. "నాకేం తెలుసే? నాటకమనుకున్నా."

"అనుకుంటే నన్నే అడిగుండొచ్చు కదక్కా" అన్నాను.

మందులతో కోలుకుని మళ్లీ మిషన్ కుడుతున్నాను. అక్కతో మాట్లాడుతూనే ఉన్నాను. కానీ ఒంట్లో ఏ నలత వచ్చినా ఆమెకు మాత్రం చెప్పబుద్ధి కాదు.