ఓడ కోసం అరగదీసిన ఉలి

ఆదోనిలో నన్ను రంగన్న అని పిలిచేవాళ్ళు తక్కువ. ‘ఓడ అయ్యవారు’ అంటేనే జనానికి తెలుస్తుంది. సముద్రం ఎటు వైపు ఉందో కూడా తెలియని ఊళ్ళో ఓడ బొమ్మ చేసి, కర్నూలు ప్రదర్శనలో మొదటి బహుమతి తెచ్చినందుకు వచ్చిన పేరది. ఆ పేరు వినబడితే నాకు ఇప్పటికీ తల వంగిపోతుంది. అందరూ దాన్ని వినయం అనుకుంటారు. వినయం కాదు, సిగ్గు. ఆ సిగ్గు సంగతి చెప్పాలంటే ముందు మా నరసన్న మామ గురించి చెప్పాలి.

నరసన్న మా అమ్మకు అన్న. ఎమ్మిగనూరులో మగ్గాల వడ్రంగి. విరిగిన మగ్గాలు బాగుచేసేవాడు గానీ, ఆయనకు పేరు తెచ్చినవి నాడెలు. నాడె అంటే నేతగాడు పడుగు పోగుల మధ్య అటూ ఇటూ విసిరే కర్ర. జానెడు పొడవు, రెండు కొనలూ సన్నగా, నడుమ నూలు కండె పట్టేంత గుంట. ఆ గుంటలో వెంట్రుకంత పెచ్చు లేచి ఉన్నా నూలు తగులుకుని తెగుతుంది. మామ చేసిన నాడెలో తెగేది కాదు. గుంట తొలిచాక చిటికెన వేలు లోపల పెట్టి ఒకసారి తిప్పేవాడు, ఆయన చేసే పరీక్ష అంతే. కోసిగి నుంచి కూడా నేతగాళ్ళు వచ్చి ఆయన అరుగు మీద కూర్చుని, నాడె చేతికొచ్చేదాకా కదిలేవాళ్ళు కాదు.

ఆయన దగ్గరే నేను ఆరేళ్ళు పని నేర్చుకున్నాను. తర్వాత మద్రాసులో ట్రైనింగు చేసి, ఆదోనిలో ఒక హైస్కూల్లో చేతిపనుల అయ్యవారిగా కుదురుకున్నాను. కుర్చీ, ఇస్త్రీ చొక్కా, పిల్లల నమస్కారాలు. కళ్ళు నెత్తికెక్కడానికి అంతకన్నా ఏం కావాలి?

మామ ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది. మహానవమి ముందురోజు పొద్దు గూకేలోపల ఆయన పనిముట్లన్నీ ఇంటికి చేరాలి. ఎవరికి ఎరువిచ్చినా సరే, ఎంత దూరం పోయినా సరే. నవమి పొద్దున వాటిని కడిగిన పలక మీద వరసగా పేర్చి, పసుపూ కుంకుమా పెట్టి, టెంకాయ కొట్టి, ఒక్కొక్కదాన్నీ కళ్ళకద్దుకునేవాడు. వరసలో మొదటి చోటు ఒక సన్న ఉలిది. చింతకర్ర పిడి, వాళ్ళ నాయన చేతి నుంచి వచ్చింది. నాడె గుంట చివరి చేత్తో నున్నగా తీసేది ఆ ఉలితోనే.

కర్నూలు రాజధాని అయిన మరుసటి ఏడు, దసరాకి అక్కడ పాఠశాలల చేతిపనుల ప్రదర్శన పెడుతున్నారని కాగితం వచ్చింది. మా హెడ్మాస్టరు భీమసేనరావు గారు నన్ను పిలిచి, “అందరూ ఎద్దుల బండీ రాట్నమూ పట్టుకొస్తారు. మనమేం పంపుదాం రంగన్నా?” అని అడిగారు. ఇంకో నలుగురు అయ్యవార్లు వింటున్నారు కదా, నేను ఊరుకోలేక “ఓడ చేస్తాను సార్” అనేశాను. మద్రాసు హార్బరులో ఒక సాయంత్రం నిలబడి చూసిందే నాకు ఓడల గురించి తెలిసింది. దానికి తోడు ఒక క్యాలెండరు బొమ్మ ఉంది. మూరెడు పొడవు, మూడు తెరచాపలు అని లెక్క వేసుకున్నాను.

పని మొదలుపెట్టాక తెలిసింది, నా దగ్గరున్నవి బండికీ వాకిలికీ పనికొచ్చే సామాన్లని. ఓడ పక్కలకు వేసే పలక గోరంత మందం ఉంటుంది. నా బరమాతో దానికి బెజ్జం వేస్తే నిలువునా చీలింది. మేకు కొడితే ఇంకోటి చీలింది. నా చిత్రిక ఒక్క తోపుకి పలకను మాయం చేసింది. ఆదోని బజారంతా తిరిగాను, చిన్న సామాను దొరకలేదు. వారం రోజులు అలా పోగొట్టుకుని, పరువు పక్కనపెట్టి ఎమ్మిగనూరు బస్సెక్కాను.

“ఓడనా? అదెట్లుంటాదిరా?” అన్నాడు మామ. అప్పటికే ఆయన కళ్ళలో పొర కమ్ముతోంది. క్యాలెండరు బొమ్మను వెలుతురులోకి తిప్పి, ముక్కుకు ఆనించుకుని చూశాడు. “మంత్రాలయం కాడ ఏట్లో గుండ్రటి పుట్టి సూసినా గానీ, దానికి ముందూ లేదు, ఎనకా లేదు. ఇది సక్కగా నాడె మాదిరి ఉండాది గదప్పా! నాడెకు గుడ్డలు కట్టినట్టు!”

“చేద్దామంటే పనిముట్లు దొరకలేదు మామా.”

“బజార్లో యాడ దొరుకుతాయి? ఇంత సిన్న పనికి మనమే సేసుకోవాల.”

రెండు ఆదివారాలు ఆయన ఆదోని వచ్చి నాతో తిరిగాడు. పాత ఇనుము అమ్మే సాయిబు కొట్టు ముందు చతికిలబడి, ఒక్కో ముక్కా తీసి దాని మీద ఆకురాయి పెట్టి గీసేవాడు. ఆకురాయి జారితే ఉక్కు, సంచిలో వేసుకునేవాడు. కరుచుకుంటే ఉత్త ఇనుము, విసిరేసేవాడు. “ఈ తాత నా కొట్టు ఖాళీ చేస్తాడా, చెత్త చేస్తాడా?” అని సాయిబు నవ్వేవాడు. అలా ఏరిన గొడుగు ఊచల కొనలు సాగగొట్టి, సానబట్టి, సన్న బరమాలు చేశాము. మంగలి పారేసిన కత్తి ముక్కను బొటనవేలంత కర్రలో బిగిస్తే చిత్రిక అయింది. పాత తాళం రేకుకు వరసగా బెజ్జాలు వేసి, వెదురు పుల్లల్ని పెద్ద బెజ్జంలోంచి చిన్న బెజ్జంలోకి లాగితే గుండ్రటి సన్న చీలలు వచ్చాయి. వాటితో పలకలు బిగిస్తే ఒక్కటీ చీలలేదు. పలకల్ని అదిమిపట్టడానికి సైకిలు ట్యూబు ముక్కలు వాడాము. పాడైన మగ్గంలో పడుగు పోగులు దూర్చే దువ్వెన లాంటి పన్నెను విప్పి, అందులోని పుల్లల్ని ఓడ అంచు చుట్టూ కటకటాలుగా నిలబెట్టే ఉపాయం కూడా ఆయనదే. జీవితంలో ఓడ చూడని మనిషి!

ఇక పలకల కింద ఉండే అంకుడు దిమ్మెలో ఓడ కడుపు తొలవాలి. ముందు కొన దగ్గర లోపల ఇరుకు. గొడుగు ఊచ వంగింది, మంగలి కత్తి విరిగింది. మరుసటి ఆదివారం మామ చింతకర్ర పిడి ఉలి తెచ్చి నా చేతిలో పెట్టాడు.

“తీసుకో. నవమికి ఇంటికి రావాల. ఇంకొక్క మాట, దీన్ని సాన మీద పెట్టొద్దు. దాని నోరు నేను పెట్టినట్టే ఉండాల.”

“సరే మామా” అన్నాను. చెయ్యి గుండె మీద పెట్టుకుని మరీ అన్నాను.

ఉలి అంకుడు కర్రలో వెన్నలోకి దిగినట్టు దిగింది. కొన దగ్గరికి వచ్చేసరికి మాత్రం పట్టలేదు, అర వేలు వెడల్పు ఎక్కువ. ప్రదర్శనకు పన్నెండు రోజులుంది. విరిగిన ఆకురాయితో చిన్న ఉలి ఎలా చేసుకోవాలో మామ నాకు ఎప్పుడో నేర్పాడు. రెండు రోజుల పని. నాకు ఆ రెండు రోజుల ఓపిక లేకపోయింది. బడికి కొత్తగా తిప్పుడు సానచక్రం వచ్చింది. పక్కలు మాత్రం కొంచెం తగ్గిద్దాం, పదునుండే నోటి జోలికి పోవద్దు అనుకుని ఉలిని దాని మీద పెట్టాను. నిప్పురవ్వలు లేస్తుంటే ఉషారు పుట్టింది. నీళ్ళలో ముంచడం మరిచాను. చూసేసరికి ఉలి కొన నీలం తిరిగింది.

నీలం తిరిగితే ఉక్కు చచ్చినట్టే. పదును పెట్టినా గట్టి కర్రలో నిలవదు. పని నేర్చుకునే రోజుల్లో ఇదే తప్పు చేస్తే మామ చెంప మీద ఒకటిచ్చాడు, కాబట్టి తెలియదనడానికి లేదు. అయితే అంకుడు మెత్తటి కర్ర. ఆ చచ్చిన ఉలితోనే ఓడ కడుపు తొలిచాను, కొన దాకా అందంగా వచ్చింది. నిజం చెబుతున్నాను, ఓడ పూర్తయ్యేదాకా నాకు బాధ కూడా కలగలేదు.

కర్నూలులో జనం ఓడ చుట్టూ మూగారు. ఒక పెద్దాయన “ఈ సన్న పనికి ఏ ఊరి సామాన్లు తెప్పించావయ్యా?” అని అడిగితే, “నేనే చేసుకున్నానండి” అన్నాను. మామ పేరు నోటిదాకా రాలేదు. దండ మెడలో వేసుకుని ఆదోనిలో దిగేసరికి నవమి ముందురోజు అయింది.

అప్పుడు గుర్తొచ్చింది ఉలి. ఏం చేశానంటే, బజారుకు పోయి, మామ ఇచ్చినప్పుడు దానికున్నంత వెడల్పుతో కొత్త ఉలి కొన్నాను. పాత ఉలి పిడి ఊడగొట్టి కొత్తదానికి బిగించాను. మెరుపు పోవడానికి నూనె, మసి కలిపి రుద్దాను. మామ నేర్పిన పనితనమంతా ఆ పిడి బిగించడంలో చూపించాను. వెంట్రుక దూరే సందు కూడా లేదు.

పొద్దు గూకకముందే ఎమ్మిగనూరు చేరాను. మామ పిడి పట్టుకోగానే ముఖం విప్పారింది. తర్వాత బొటనవేలు ఉలి మీదుగా నడిచింది, ఆగింది.

“బరువుగా ఉందేమిరా?”

“నెల దినాలు పట్టుకోలేదు గదా మామా. సెయ్యి మరిసిపోయినట్టుంది” అన్నాను, ఆయన యాసలోనే.

“అంతేలే” అని నవ్వాడు. సాయిబు కొట్టులో ప్రతి ముక్కనూ ఆకురాయితో గీసి చూసిన మనిషి, నేనిచ్చినదాన్ని గీసి చూడలేదు. మరునాడు పలక మీద దానికే మొదటి చోటు ఇచ్చాడు, మొదటి బొట్టు పెట్టాడు. ఇరుగుపొరుగు వాళ్ళతో, “మా రంగడు బహుమానం తెచ్చుకున్యాడు. ఆ సందట్లో కూడా మాట మరవకుండా ఉలి తెచ్చిచ్చినాడు” అన్నాడు. నేను పక్కనే నిలబడి టెంకాయ చిప్ప అందుకున్నాను.

దీపావళి పోయిన నెలకు ఈరమ్మత్త, అంటే మామ భార్య, ఆదోని వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

“నాడెలు ఎనక్కి వస్తాండాయి నాయనా. గుంటలో పెచ్చులంట, నూలు తెగుతాందంట. దినానికి పదిసార్లు ఉలి నూరుతాడు, రెండు దెబ్బలకే మొద్దుబారుతాది. ‘నూరేది కూడా మరిసినానే, నా సెయ్యి పోయిందే’ అని ఒగటే దిగులు. నువ్వన్నా వచ్చి ఒక మాట సెప్పు.”

నేను చెప్పిన మాట వినండి. “కళ్ళు చూపించండత్తా. వయసు మీద పడుతోంది కదా” అన్నాను. ఆమె తల ఊపి వెళ్ళిపోయింది.

తర్వాత నాలుగు నెలలు నేను ఎమ్మిగనూరు వైపు పోలేదు. పాత ఉలి ముక్కను గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకుని రెండుసార్లు బస్టాండు దాకా వెళ్ళాను. రెండుసార్లూ ఎవరో ఒకరు “ఓడ అయ్యవారూ” అని పలకరించారు, వెనక్కి వచ్చేశాను. ఓడ మా బడి అద్దాల బీరువాలో ఉంది. దాని ముందు నుంచి పోవలసి వస్తే చుట్టు తిరిగి పోయేవాణ్ణి.

ఉగాదికి రమ్మని మామే కబురు పెట్టాడు. వెళ్ళాను. అరుగు మీద నేతగాళ్ళు లేరు, కింద చెక్కపొట్టు కూడా లేదు. మామ గడ్డం పెరిగి ఉంది. పక్కన గోనెసంచి, మూతి కట్టి ఉంది.

“సామాన్లన్నీ ఈట్లో ఉండాయి. తీసుకపో రంగా. నీ బడిలో పనికొస్తాయి. నా సెయ్యి పోయింది. పోయిన సేతికి ఇవి ఎందుకు? సూస్తే ఏడుపొస్తాది.” సంచిలో పెట్టకుండా విడిగా ఉంచిన ఒకదాన్ని తీసి నావైపు చాపాడు. చింతకర్ర పిడి ఉలి. “ఇది మాత్రం బడికి ఇయ్యొద్దు. నువ్వే పెట్టుకో. నువ్వయితే బద్రంగా సూసుకుంటావు.”

చెయ్యి చాచలేకపోయాను. నా సంచిలోంచి గుడ్డ మూట తీసి, విప్పి, నీలం తిరిగిన ఆ ముక్కను ఆయన అరచేతిలో పెట్టాను. బొటనవేలు దాని మీద ఒక్కసారి నడిచింది.

“ఇది మా నాయనది” అన్నాడు. “మరి ఇదేంది?”

అంతా చెప్పాను. సానచక్రం, ఉత్త ఇనుము లాంటి బజారు ఉలి, మసి, చెయ్యి మరిచిందని నేనన్న మాట, అత్తకు నేను చెప్పిన కళ్ళ సలహా. ఒక్కటీ దాచలేదు. ఈరమ్మత్త ఉగాది పచ్చడి గిన్నెతో గడపలో నిలబడిపోయింది. నేను దెబ్బ కోసం చూస్తున్నాను. పడితే బాగుండుననిపించింది.

మామ రెండిటినీ కింద పెట్టాడు. కుడిచెయ్యి పైకెత్తి, వేళ్ళు మడిచి, విప్పి, మళ్ళీ మడిచాడు.

“అయితే... నా సెయ్యి పోలేదా?”

“లేదు మామా. నీ చేతిదేం తప్పు లేదు.”

“ఏమే, ఇంటివా?” అని గట్టిగా అరిచాడు, ఆమె ఎదురుగానే ఉన్నా. “నా సెయ్యి బాగుందంట! ఉలిదంట తప్పు! ఈడు సెప్తాండాడు, ఇను!” నవ్వుతున్నాడు, పొరలు కమ్మిన కళ్ళలోంచి నీళ్ళు గడ్డంలోకి కారుతున్నాయి. నా భుజం పట్టుకుని ఊపేశాడు. గోనెసంచి మూతి విప్పమన్నాడు, బాడిస ఇమ్మన్నాడు, కర్ర ఎక్కడుందో వెతకమన్నాడు.

ఆరు నెలల పాటు తన చేతిని తిట్టుకున్న మనిషి, నన్ను మాత్రం ఒక్క మాట కూడా అనలేదు.